ఇద్దరూ, ఒక టెంటూ, ఒక గాలం: బాపట్ల తీరంలో వీకెండ్ క్యాంపింగ్ వరసగా ఎలా చేయాలి

మేమిద్దరం చీరాల దగ్గర సముద్రం ఒడ్డున టెంట్ వేసుకుని, చేపలు పట్టుకుని, అక్కడే పులుసు పెట్టుకుని వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఇసుకలో టెంట్ నిలబడుతుందా? ఏ గాలం కొనాలి? ఆడవాళ్లకు బాత్రూం సంగతేంటి? రాత్రి ఎవరైనా వచ్చి లేపుతారా? ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే అంతా ఒకేచోట రాసేయడం నయమనిపించింది.

ఇది ఇద్దరి కోసం, ఒక రాత్రి కోసం. శనివారం మధ్యాహ్నం చేరి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరతారు. పడవ ఎక్కే పని లేదు, చేపలు పట్టేదంతా ఒడ్డు మీద నుంచే. చోటు సూర్యలంక, రామాపురం, వాడరేవు వైపు. వేరే తీరానికి వెళ్లినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

## 1. ముందు పోటు టైమ్, తర్వాతే సెలవు

మనం సాధారణంగా సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్తాం. బీచ్ చూసి రావడానికైతే ఫర్వాలేదు. చేపలు పట్టాలంటే మాత్రం ఏ వారం వెళ్లాలో సముద్రాన్ని అడగాలి.

మత్స్యకారుల మాటలో నీళ్లు ఎక్కడం పోటు, దిగడం పాటు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నిండిన ఆరుగంటల పైచిలుకుకు పాటు అడుక్కి చేరుతుంది. ఈ రోజు పోటు ఉదయం 6 గంటలకు నిండితే, రేపు దాదాపు 6.50కి నిండుతుంది. అంటే రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఈ ఒక్క లెక్క వాడుకోండి చాలు. రోజుకు 50 నిమిషాల చొప్పున వారానికి దాదాపు ఆరు గంటలు. కాబట్టి ఈ శనివారం సాయంత్రం పోటు ఉంటే వచ్చే శనివారం అదే టైమ్‌కి పాటు ఉంటుంది, ఆ పై శనివారం మళ్లీ పోటు ఉంటుంది. వారం విడిచి వారం కుదురుతుందన్నమాట.

మీకు కావాల్సింది శనివారం సాయంత్రం 5 నుంచి 7 మధ్య పోటు నిండే వారం. అప్పుడు ఆదివారం తెల్లవారాక కూడా ఇంకో పోటు దొరుకుతుంది. చేపలు ఒడ్డుకు దగ్గరగా మేతకు వచ్చేది నీళ్లు ఎక్కుతున్న చివరి రెండు గంటలు, దిగడం మొదలైన మొదటి గంట. ఆ మూడు గంటలే మీ అసలు పని. మిగతా టైమ్‌లో పడుకోండి, వండుకోండి, పోట్లాడుకోండి.

మొదటిసారి మాకు ఇదేమీ తెలియదు. సాయంత్రం సరిగ్గా పాటు అడుగున ఉన్నప్పుడు గాలం వేసి మూడు గంటలు కూర్చున్నాం. ఒక్కటి తగిలితే ఒట్టు. రొయ్యలన్నీ పీతలు కొరుక్కుతిన్నాయి. "మార్కెట్లో కొనుక్కుంటే ఈపాటికి అన్నం తినేవాళ్లం కదండీ" అని మా ఆవిడ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

పోటు టైమ్‌లు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ (INCOIS) వెబ్‌సైట్లోనో, ఫోన్లో ఏదైనా టైడ్ యాప్‌లోనో చూడొచ్చు. మీ బీచ్ పేరు కనిపించకపోతే నిజాంపట్నం, మచిలీపట్నం లాంటి దగ్గరి రేవుది చూడండి. కొద్ది నిమిషాల తేడా ఉన్నా మన పనికి అడ్డు రాదు.

ఇక నెలల సంగతి:

- జనవరి నుంచి మార్చి మధ్య దాకా అన్నిటికంటే మంచిది. చలి తక్కువ, ఉక్క తక్కువ.
- ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు, మోటారు బోట్లకు వేట నిషేధం. ఒడ్డున మీ గాలానికి అది అడ్డు కాదు కానీ, తాజా ఎర దొరకడం కష్టమవుతుంది. పైగా టెంట్‌లో మధ్యాహ్నం ఉండలేరు.
- అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాతావరణ శాఖ బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నదంటే ప్రయాణం మానుకోవాల్సిందే. రిసార్ట్ అడ్వాన్స్ పోతే పోయింది.

బయల్దేరే రోజు ఉదయం ఎత్తైన అలల హెచ్చరిక ఉందేమో ఇన్‌కాయిస్‌లో మరోసారి చూసుకోండి. ఆకాశం నీలంగా ఉన్నా, దూరంలో ఎక్కడో గాలి రేపిన అలలు మీ ఒడ్డుకు రావచ్చు.

## 2. ఎవరి నేల మీద టెంట్ వేస్తున్నారు?

ఇసుక ఎవరిదీ కాదనుకుని ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయకండి. జంటగా వెళ్లినప్పుడు మరీను. రాత్రి పదింటికి ఎవరో టార్చి వేసి "ఎవరు మీరు" అంటే వీకెండ్ మొత్తం పాడవుతుంది.

నేను చెప్పేది ఒకటే పద్ధతి. బీచ్‌ను ఆనుకుని ఉన్న రిసార్ట్‌లోనో, తోట ఉన్న గెస్ట్‌హౌస్‌లోనో ఒక రూమ్ తీసుకోండి. టెంట్ మాత్రం వాళ్ల ఆవరణలో, సముద్రం వైపు వేసుకుంటామని ముందే ఫోన్ చేసి అడగండి. బాత్రూం, మంచినీళ్లు, కారు పార్కింగ్, వాన వస్తే తలదాచుకునే చోటు అన్నీ ఆ ఒక్క రూమ్‌తో తీరతాయి. ఇది నిజమైన క్యాంపింగ్ కాదని కొందరు ముక్కు విరుస్తారు. విరవనివ్వండి.

సూర్యలంక బాపట్ల నుంచి సుమారు 9 కిలోమీటర్లు. పర్యాటక శాఖ వారి హరిత రిసార్ట్ అక్కడే ఉంది, వారాంతంలో జనం ఎక్కువ. పక్కనే వైమానిక దళ స్థావరం ఉంది కాబట్టి డ్రోన్ బ్యాగ్‌లోంచి తీయకండి. చీరాల వైపు వాడరేవు, రామాపురం కాస్త నయం, ప్రైవేటు రిసార్ట్‌లు కూడా ఎక్కువే. 216 జాతీయ రహదారి బాపట్ల, చీరాల మీదుగానే పోతుంది కాబట్టి దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఇసుక మీద టెంట్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. మనకు మంచి సీజన్ వాటికీ మంచి సీజన్. సరిగ్గా ఇసుక మీద టెంట్, పక్కన లైటు, పాటలు పెడితే ఒడ్డుకొచ్చిన తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. వన్యప్రాణి చట్టం కింద అత్యున్నత రక్షణ ఉన్న ప్రాణి అది. కనిపిస్తే లైటు ఆర్పి, కదలకుండా దూరంగా ఉండండి. ఫ్లాష్ వేసి ఫొటో తీయొద్దు.

వెళ్లేముందు చూసుకోండి:

- ఇద్దరి ఆధార్ కార్డులు
- టెంట్‌కు అనుమతి ఇచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు
- ఎక్కడ ఉంటున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో తెలిసిన మనిషి ఒకరు ఇంటి దగ్గర
- 112, తీర రక్షక దళం వారి 1554 నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ

## 3. సామాను, ఇద్దరికి సరిపడా

టెంట్ మీద "ఇద్దరికి" అని రాసి ఉంటే అందులో ఇద్దరు పడుకోగలరు, బ్యాగ్ పెట్టలేరు. ముగ్గురి టెంట్ తీసుకోండి. పైన రెండో పొర ఉన్నదే కొనండి, మన తీరంలో శీతాకాలం మంచు టెంట్ మీద వాన పడ్డట్టే దిగుతుంది.

- టెంట్, కింద పరిచే పట్టా (టెంట్ అడుగు కంటే చిన్నదిగా ఉండాలి, బయటికి వస్తే మంచునీళ్లు దాని మీదుగా లోపలికే పోతాయి)
- ఖాళీ 5 కిలోల బియ్యం సంచులు ఆరు, నైలాన్ తాడు 15 మీటర్లు
- చాప, రెండు దుప్పట్లు, గాలి దిండ్లు
- తలకు కట్టుకునే లైట్లు రెండు, విడిగా ఒక టార్చి
- 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి తాగడానికి, వంటకి. రూమ్ దూరమైతే కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఇంకోటి
- చిన్న గ్యాస్ స్టవ్, గాలికి అడ్డంగా పెట్టే రేకు
- ఐస్ బాక్స్
- దోమల క్రీమ్, కాటన్, బ్యాండేజీ, డెట్టాల్, నొప్పి మాత్రలు
- చిన్న చీపురు, పాత టవల్ (టెంట్‌లోకి అడుగుపెట్టే ముందు కాళ్లు దులుపుకోడానికి; ఇది మర్చిపోతే రాత్రంతా ఇసుకలోనే పడుకుంటారు)

స్పీకర్ తీసుకెళ్లకపోతే ఇంకా మంచిది.

## 4. గాలం సామాను: తక్కువ, కానీ సరైనది

దుకాణంలోకి వెళ్తే చెరువు కర్ర ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. ఆరడుగుల కర్రతో అలల మీద పని జరగదు. దారం మొదటి అలకే చిక్కుకుంటుంది.

- కర్ర: 10 నుంచి 12 అడుగులు, 100 గ్రాముల బరువు దాకా విసరగలిగినది. ఇద్దరికీ చెరొకటి అక్కర్లేదు, మొదటిసారి ఒక్కటి చాలు.
- రీలు: స్పిన్నింగ్ రకం, 4000 నుంచి 6000 సైజు
- దారం: 0.40 మిల్లీమీటర్ల నైలాన్, 200 మీటర్లు
- సీసపు గుండ్లు: 50, 60 గ్రాములవి, మధ్యలో రంధ్రం ఉన్నవి, ఓ పది
- గాలాలు: 4వ నంబరువి పది, 1/0వి పది. ఒట్టి అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, పక్కన సున్నా ఉన్నవి పెద్దవి. దుకాణంలో చాలామంది పొరబడేది ఇక్కడే.
- స్వివెల్స్ (రెండు వైపులా రింగు ఉండి, దారం మెలి పడకుండా గిర్రున తిరిగే చిన్న లోహపు ముక్కలు), చిన్న ప్లాస్టిక్ పూసలు
- పొడుగు ముక్కు పటకారు, చిన్న కత్తెర, పాత గుడ్డ
- కర్రను ఇసుకలో నిలబెట్టడానికి మూడడుగుల పీవీసీ పైపు, ఒక చివర ఏటవాలుగా కోసినది

60 గ్రాములకు మించిన గుండు మొదటిసారి వాడొద్దు. బరువు గుండుతో గట్టిగా విసిరినప్పుడు దారం తెగితే ఆ సీసం తుపాకీ గుండులా పోతుంది, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

## 5. ఇంట్లోనే ముడి నేర్చుకోండి

చీకట్లో, గాలిలో, తడి చేతులతో ముడి నేర్చుకోవడం కుదరదు. టీవీ చూస్తూ ఇంట్లోనే ఓ ఇరవైసార్లు వేయండి. ముందు గాలం బదులు కీచైన్ రింగుతో మొదలుపెట్టండి.

1. దారం కొసను రింగులోంచి దూర్చి ఓ జానెడు బయటికి లాగండి.
2. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పండి.
3. కొసను వెనక్కి తెచ్చి, రింగు పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి దూర్చండి.
4. అలా దూర్చేసరికి పక్కన ఇంకో పెద్ద సందు ఏర్పడుతుంది. అందులోంచి కూడా దూర్చండి.
5. ముడికి కాస్త ఉమ్మి తడి అద్ది, అసలు దారాన్ని మెల్లగా లాగండి. చుట్లు స్ప్రింగులా ఒకదాని పక్కన ఒకటి కూర్చోవాలి.
6. కొసను ముడికి మూడు మిల్లీమీటర్ల దూరంలో కత్తిరించండి.

తడి అద్దమన్నది చాదస్తం కాదు. పొడి నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. చేప లాగినప్పుడు తెగేది ఆ ముడి దగ్గరే. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తే బద్ధకించకుండా కోసేసి మళ్లీ వేయండి.

ఈ ముడి వచ్చిందంటే మొత్తం వరస కట్టేయొచ్చు. రీలు నుంచి వచ్చే దారానికి ముందు సీసపు గుండు ఎక్కించండి, తర్వాత పూస. కొసకు స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో రింగుకు అర మీటరు దారం, దాని చివర గాలం. గుండు దారం మీద అటూఇటూ జారుతూ ఉండాలి. చేప ఎర పట్టుకుని కదిలితే దారం గుండులోంచి జారుతుంది కాబట్టి దానికి బరువు తెలియదు, అనుమానం రాదు. పూస లేకపోతే సీసం వచ్చి ముడిని కొట్టి కొట్టి తెంపేస్తుంది.

విసరడం కూడా ఖాళీ మైదానంలో గాలం లేకుండా, గుండు మాత్రమే కట్టి ప్రాక్టీస్ చేయండి. మేడ మీద వద్దు. పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు ఖరీదు ఎంతో నాకు తెలుసు.

## 6. చేరగానే గంటసేపు ఏమీ విప్పకండి

సాయంత్రం పోటు ఉన్న వారం ఎంచుకున్నారు కాబట్టి మధ్యాహ్నం మీరు చేరేసరికి పాటు ఉంటుంది. ఇది చూసుకునే టైమ్. నీళ్లు దిగినప్పుడే సముద్రం అడుగు కనిపిస్తుంది.

ఒడ్డు వెంట ఓ అరకిలోమీటరు ఇద్దరూ నడవండి. అలలు విరిగే చోట తెల్లటి నురగ ఉంటుంది, అక్కడ ఇసుక మేట ఉన్నట్టు. మేటకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపించే గాడి ఉంటుంది. పోటు ఎక్కాక చేపలు మేతకొచ్చేది ఆ గాడిలోకే. చాలాచోట్ల అది ఒడ్డుకు 20, 30 మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఆ చోటికి సూటిగా ఒడ్డున ఏదో గుర్తు పెట్టుకోండి, ఒక సరుగుడు చెట్టో, కరెంటు స్తంభమో.

ఇదే నడకలో ఇంకోటి కూడా చూడాలి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో మాత్రం అల విరగకుండా నున్నగా, మట్టి కలిసి లోపలికి పోతున్నట్టు నీళ్లు కనిపిస్తే, అది సముద్రంలోకి లాగే పాయ. ప్రశాంతంగా ఉందని జనం స్నానానికి దిగేది సరిగ్గా అక్కడే, కొట్టుకుపోయేది అక్కడే. ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. అక్కడ దిగొద్దు. ఎక్కడైనా సరే, గాలం వేసేటప్పుడు నీళ్లు మోకాలు దాటకూడదు.

ఎప్పుడైనా లాగే నీళ్లలో పడితే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు తిరగండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకేయండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకొద్దు. తాడో, ఖాళీ క్యానో విసరాలి.

మత్స్యకారులు అలివి వల (ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల) లాగుతుంటే ఆ దగ్గర్లో గాలం వేయకండి. వాళ్ల కూటికి అడ్డం పడ్డట్టవుతుంది. దగ్గరికెళ్లి "బాబాయ్, సాయంత్రం ఎక్కడ వేస్తే బాగుంటది?" అని అడగండి. చాలాసార్లు ఏ యాప్‌లోనూ లేని సంగతి చెప్తారు.

## 7. ఇసుకలో టెంట్ నిలబెట్టడం

టెంట్‌తో వచ్చే సన్న మేకులు ఇసుకలో పనికిరావు. సాయంత్రం గాలి లేస్తే ఒక్కొక్కటే పళ్లు ఊడినట్టు ఊడి వస్తాయి. అందుకే ఆ బియ్యం సంచులు.

1. ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, చెత్త ఒక గీతలా పడి ఉంటాయి. అది పోటు చివరిగా వచ్చిన హద్దు. టెంట్ ఆ గీతకు బాగా పైన, ఎత్తుగా ఉన్న నేల మీదే వేయాలి. రిసార్ట్ ఆవరణలోనైనా ఈ గీత చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మామూలుకంటే ఎక్కువ ఎక్కుతుంది.
2. పైన కొబ్బరి, తాడి చెట్టు ఉండకూడదు. కాయ పడితే టెంట్ ఆపలేదు.
3. పట్టా పరిచి, టెంట్ లేపి, సన్నవైపు గాలికి ఎదురుగా ఉంచండి. తలుపు గాలికి ఎదురుగా వద్దు.
4. సంచుల్లో ఇసుక నింపి మూతి కట్టండి. సంచి నడుముకు తాడు కట్టండి.
5. టెంట్ మూలకు మీటరు దూరంలో అడుగున్నర గొయ్యి తీసి, సంచిని తాడుకు అడ్డంగా పడుకోబెట్టి పూడ్చండి. పైన నీళ్లు పోసి తొక్కండి.
6. నాలుగు మూలలకూ నాలుగు, గాలి వైపు అదనంగా రెండు.

రెండోసారి వెళ్లినప్పుడు మేం ఇంకా రూమ్ పద్ధతికి రాలేదు, ఇసుక మీదే వేశాం. పొడిగా, మెత్తగా ఉంది కదా అని మురిసిపోతుంటే, వల భుజాన వేసుకుని పోతున్న ఒక పెద్దాయన ఆగి కాలితో ఇసుక గీరాడు. రెండంగుళాల కింద నల్లగా, తడిగా ఉంది. "ఇదిగో చూడు బాబూ, రాత్రికి పోటు ఇక్కడిదాకా వచ్చిద్ది. అమ్మాయిని పెట్టుకుని ఇక్కడ పడుకుంటావా?" అన్నాడు. ఆ రోజు పౌర్ణమి. ఇరవై మీటర్లు వెనక్కి మోసుకెళ్లాం. రాత్రి పదకొండుకు లేచి చూస్తే మొదట టెంట్ వేసిన చోట నీళ్లు ఉన్నాయి. అప్పటి నుంచి ఎక్కడైనా ముందు కాలితో గీరి చూస్తాను.

## 8. ఎర, విసరడం, ఓపిక

ఎరకు రొయ్యను మించింది లేదు. వాడరేవులో పొద్దున పడవలు వచ్చే వేళకు అక్కడుంటే చవకగా దొరుకుతుంది, లేదంటే చీరాల, బాపట్ల మార్కెట్లో కొనండి. పావుకిలో చాలు. ఐస్ బాక్స్‌లో పెట్టండి, కానీ ఐసు కరిగిన నీళ్లలో నాననివ్వకండి, తెల్లబడి మెత్తబడిపోతుంది. కవళ్లు (సార్డిన్ చేపలు) దొరికితే వేలెడు ముక్కలుగా కోసి వాడొచ్చు.

రొయ్య తల తీసి, తోక వైపు నుంచి గాలం ఎక్కించి, వంపు వెంట తిప్పి మొన కాస్త బయట కనిపించేట్టు ఉంచండి. మొన మాంసంలో దాగిపోతే చేప కొరుకుతుంది కానీ తగలదు. సన్న కుట్టు దారంతో రెండు చుట్లు చుడితే విసిరినప్పుడు ఊడిపోదు.

విసిరే ముందు వెనక్కి తిరిగి చూడండి. ప్రతిసారీ. మీ జంటలో రెండోవాళ్లు ఎక్కడున్నారో చూసి, "విసురుతున్నా" అని చెప్పి విసరండి. ఇద్దరూ కళ్లద్దాలో, కూలింగ్ గ్లాసులో పెట్టుకోవాలి.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఎంత దూరం పోతే అంత మంచిదనుకోవడం. గుర్తు పెట్టుకున్న గాడిలో పడితే చాలు, దాన్ని దాటించి లోపలెక్కడో వేస్తే గంటలకొద్దీ కూర్చోవాల్సిందే.

గుండు పడ్డాక వదులు దారం చుట్టేసి, కర్రను పైపులో నిలబెట్టండి. రీలు బిగింపును చేత్తో గట్టిగా లాగితే దారం కక్కేంతగా ఉంచండి. పూర్తిగా బిగిస్తే పెద్ద చేప పడ్డప్పుడు దారమో, కర్రో పోతుంది. పావుగంటకోసారి ఎర చూసుకోండి. ఒకరు కర్ర చూస్తుంటే రెండోవాళ్లు ఎర సిద్ధం చేయడం, గంటకోసారి మార్చుకోవడం మంచిది. లేకపోతే ఒకళ్లకు వీకెండ్, ఇంకొకళ్లకు రొయ్యల డ్యూటీ అవుతుంది.

## 9. చేప పడింది, ఇప్పుడు?

కర్ర కొస రెండుసార్లు టపటపా కొట్టుకుంటే ఆగండి. నిలకడగా వంగి లాగితే కర్ర పైకెత్తి చుట్టండి. ఒడ్డు దగ్గర తొందరపడొద్దు. వచ్చే అలతోపాటు చుట్టండి, వెనక్కి పోయే అలప్పుడు ఆపండి. అలే దాన్ని ఇసుక మీదికి తెచ్చి పడేస్తుంది.

పట్టుకునే ముందు అది ఏ చేపో చూడండి:

- జెల్ల: మీసాలుంటాయి. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, మూడు ముళ్లు. గుచ్చుకుంటే ఏడిపిస్తుంది. గుడ్డతో, పటకారుతో మాత్రమే.
- పొట్ట బంతిలా ఉబ్బించే చేప: దారం కోసి వదిలేయండి. దాని విషం వండినా పోదు.
- చదునుగా, తోక కొరడాలా ఉండేది: తోక దగ్గర ముల్లు ఉంటుంది. ముట్టుకోకుండా దారం కోసేయండి.
- కొయ్యింగ, మాగ, పారా: మీ పులుసు దొరికినట్టే. పండుగప్ప పడితే అదృష్టం, అది చాలా చోట్ల మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర దొరికే చేప.

అరచేయంత కూడా లేని పిల్ల చేపను తడి చేత్తో పట్టుకుని వదిలేయండి. తినబోయేదాన్ని వెంటనే చంపి, మొప్పలు కోసి, రక్తం పోయాక ఐస్‌లో పెట్టండి. బకెట్లో కొట్టుకుంటూ చచ్చిన చేపకు రుచి ఉండదు.

## 10. వంట

చింతపండు, ఉప్పు, కారం, ధనియాల పొడి, మెంతిపొడి ఇంటి దగ్గరే కొలిచి డబ్బాల్లో పెట్టుకుపోండి. ఉల్లిపాయలు కోసి తీసుకెళ్లినా ఎవరూ తప్పుపట్టరు. పొలుసు ముందు తీయాలి, పొట్ట తర్వాత కోయాలి. సముద్రపు నీళ్లతో కడిగి, చివర్లో ఒక్కసారి మంచినీళ్లతో, ఉప్పు కాస్త తగ్గించి వేయండి.

సరుగుడు తోపులో కట్టెల మంట పెట్టొద్దు. కింద రాలిన ఎండు ఆకు పెట్రోలులా అంటుకుంటుంది. స్టవ్‌ను చదునైన పలక మీద, రేకు అడ్డం పెట్టి వెలిగించండి. టెంట్‌ లోపల స్టవ్, బొగ్గులు, కొవ్వొత్తి ఏదీ వద్దు. పొగ కనపడకపోయినా ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

చేప పడకపోతే? పప్పుచారుకు సరిపడా సరుకు ఎప్పుడూ ఉండాలి. మూడు ట్రిప్పుల్లో ఒకసారి మేం అదే తిన్నాం.

## 11. ఇది జరిగితే ఇలా చేయండి

అరగంటకే ఎర మాయం, కర్ర కదల్లేదు. పీతలు. పాతిక అడుగులు పక్కకు జరిగి వేయండి.

గాలం వేలికి దిగింది. మొన వెనకున్న ముల్లు దాకా దిగితే వెనక్కి లాగొద్దు. దారం కోసి, కదలకుండా గుడ్డ చుట్టి, బాపట్లకో చీరాలకో ఆసుపత్రికి వెళ్లండి. టీటీ ఇంజెక్షన్ అడగండి. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోవద్దు.

జెల్ల ముల్లు గుచ్చుకుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచండి. వేడికి ఆ విషం పనిచేయదు. నీళ్ల వేడిని గుచ్చుకోని చేత్తో చూడాలి, నొప్పిలో ఉన్న చేతికి కాలేది తెలియదు. తర్వాత డాక్టర్ దగ్గరికి.

కారు ఇసుకలో దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. దిగి, చక్రాల ముందు ఇసుక తీసి, గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, ఫుట్‌మ్యాట్‌లు వేసి మెల్లగా లాగండి. రోడ్డెక్కగానే గాలి కొట్టించుకోవాలి. అసలు కారు ఇసుకలోకి తేకపోతే ఈ గొడవ లేదు.

అర్ధరాత్రి గాలి పెరిగింది. టెంట్ ఊగినంతసేపు ఫర్వాలేదు. కర్రలు వంగి మొహానికి తగులుతుంటే వదిలేసి రూమ్‌లోకి పొండి. టెంట్ రేపు దొరుకుతుంది.

ఇద్దరిలో ఒకరికి మందు కొట్టాలనిపించింది. కర్ర మడిచి, గాలాలు పెట్టెలో పెట్టి, ఇంక నీళ్ల వైపు పోనని అనుకున్నాకే.

## 12. బయల్దేరే ముందు, ఇంటికొచ్చాక

- దారం ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలొద్దు. పక్షుల కాళ్లకూ తాబేళ్లకూ అదే ఉరి.
- సంచులు తవ్వి తీసి, ఇసుక పోసేసి, గోతులు పూడ్చండి.
- చేప పేగులు, పొలుసు కవర్లో కట్టి చెత్తకుండీలోనే వేయండి, లేకపోతే టెంట్ దగ్గర కుక్కలు చేరతాయి.
- చెప్పులు, బూట్లు వేసుకునే ముందు తిరగేసి దులపండి. తేళ్లకు అవి రూముల్లాంటివి.

ఇంటికి రాగానే ఎంత అలసిపోయినా రీలు, కర్ర రింగులు, పటకారు మంచినీళ్లతో కడిగి తుడవండి. రీలును బకెట్లో ముంచొద్దు, మగ్గుతో మెల్లగా పోస్తే చాలు, గట్టి ధార ఉప్పును లోపలికే తోస్తుంది. సోమవారం దాకా ఆగితే ఉప్పు పట్టి రీలు తిరగనంటుంది, మా మొదటి రీలు అలాగే పోయింది. తడి టెంట్‌ను మడిచి అటక మీద పెట్టొద్దు. మేడ మీద పూర్తిగా ఆరేసి, లోపలి ఇసుక దులిపి, అప్పుడు మడవండి. ఎంత దులిపినా కొంచెం మిగులుతుంది. మా ఆవిడ దాన్ని పూలకుండీలో పోసేస్తుంది.